జోజమ్మ పేరున్న ఫ్రేము

గరుకు కాగితంతో నల్లరంగు గీకుతున్న సవరయ్యకు, బుల్లెట్టు ఫ్రేము ముందు గొట్టం మీద చనిపోయిన తన తల్లి పేరు కనబడింది.

మొదట 'జో' ఒక్కటే. గిన్నెల మీద పేర్లు కొట్టేవాళ్ళు చిన్న ఉలితో కొట్టినట్టు, చుక్కలు చుక్కలుగా. ఇంకో నాలుగుసార్లు రుద్దాడు. రంగు కింద పాత లప్పం పొడిపొడిగా రాలింది. దాని కింద ఇత్తడి రేకు పచ్చగా మెరిసింది. జోజమ్మ.

కాగితం పక్కన పెట్టి, పేరు మీది పొడి ఊదాడు.

ఆ రేకు అక్కడ ఎవరు పెట్టారో సవరయ్యకు తెలుసు. పెట్టింది తనే. ఏడేళ్ళ కిందట తమ్ముడు సంసోను బండితో సహా కిన్నెరసాని వాగు రాళ్ళ మీద పడ్డాడు. ముందు గొట్టం విరిగింది. అప్పటికి తమ ఊరు జూలూరుపాడులో గ్యాసు వెల్డింగు లేదు. సవరయ్య గొట్టం లోపల ఇనుప కడ్డీ దూర్చి, తల్లి వాడిన చిల్లుపడ్డ తపేలా నుంచి ఒక రేకు కోసి, దాన్ని పైన చుట్టి, రివెట్లు కొట్టి, సీసం పోసి బిగించాడు. పేరున్న ముక్కనే కోయమన్నది సంసోను.

"అమ్మ పేరు పైకి పెట్టన్నా. అడవిల ఒక్కణ్ణే తిరుగుత," అన్నాడు.

మరునాడు మళ్ళీ వాడే, "గిన్నెకు మాటేసినట్టుంది, చూసినోళ్ళు నవ్వుతరు," అని దాని మీద లప్పం పూయించి రంగు వేయించుకున్నాడు.

ఆ పేరు అక్కడుందని లోకంలో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో ఒకడు ఐదేళ్ళుగా లేడు.

ఎనభైమూడు వానాకాలంలో ఒక తెల్లవారుజామున సంసోను బండెక్కి ఎటో రిపేరు పని మీద పోయాడు. ఆ రోజు సవరయ్య కొత్తగూడెంలో ఉన్నాడు. సంసోను భార్య ఇన్నమ్మ ఎర్రుపాలెంలో పుట్టింట్లో ఉంది. ఎక్కడికి పోతున్నాడో చెప్పించుకునేవాళ్ళు ఇంట్లో లేరు. మనిషి తిరిగి రాలేదు. నాలుగు రోజులు తోచిన చోటల్లా వెతికారు. ఐదో రోజు కబురు తెలిసింది. సంసోను భద్రాచలం వంతెన మీద కనబడ్డాడట. వెనక సీటు మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉందట. బండి గోదావరి దాటి అవతలికి పోయిందట. చెప్పినవాడు పెద్దమనిషి, అబద్ధం ఆడాల్సిన అవసరం లేనివాడు. అంతే, వెతకడం ఆగిపోయింది. అన్నదమ్ముల రిపేరు షెడ్డు బోర్డు మీద 'సవరయ్య - సంసోను' అని ఉండేది. రెండో పేరు మీద సవరయ్య తన చేత్తోనే తెల్లరంగు కొట్టేశాడు.

ఇన్నమ్మ సంగతి అంత తేలిగ్గా తెగలేదు. నవంబరులో సమాధుల పండుగకు అందరూ తమ వాళ్ళ సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆమె ఏటా ఒక కొవ్వొత్తి కొనుక్కుని సమాధుల తోట గేటు దాకా వచ్చి, వెలిగించకుండానే ఇంటికి పట్టుకుపోయేది. మొగుడు చచ్చాడని ఏడవడానికి లేదు. ఉన్నాడని చెప్పుకోవడానికి లేదు. నీళ్ళ పంపు దగ్గర ఆడవాళ్ళకు ఆమె పేరు ఇన్నమ్మ కాదు, లేచిపోయినోని పెళ్ళాం.

సవరయ్య ఇంకా ఫ్రేము ముందే కూర్చుని ఉన్నాడు. ఇన్నమ్మ అన్నం గిన్నె తెచ్చింది. అతను చప్పున గోనెపట్టా లాగి గొట్టం మీద కప్పాడు.

"ఏంది బావా, నేను సూడరానిది?" అని ఆమె పట్టా ఎత్తింది.

రేకు మీద చుక్కలను వేలితో తడిమింది. చదువు రాకపోయినా అత్తగారి పేరు ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. ఆ ఇంట్లో మిగిలిన గిన్నెలన్నీ రోజూ తోమేది ఆమే.

"ఇది ఆయన బండి," అంది.

"అవ్."

"మరి ఆయనేడి?"

"బండి అమ్ముకున్నడేమో. చేతులు మారి మారి ఇక్కడికి వచ్చిందేమో."

"అమ్మితే బతికున్నట్టే గద. ఎవరికి అమ్మిండో కనుక్కరా బావా. బతికుంటే నేనేం అడగ. ఉన్నడా లేడా, గదొక్కటి తెలిస్తే చాలు."

అన్నం అక్కడే వదిలి సవరయ్య ఖమ్మం బస్సెక్కాడు.

బస్సులో కూర్చున్నాక, ఈ ఫ్రేము తన చేతికి వచ్చిన తీరు ఒక్కొక్కటే గుర్తుకు రాసాగింది.

పది రోజుల కిందట బసవపున్నయ్య షెడ్డుకు వచ్చాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి అడవి అంచున పాతిక ఎకరాలు బాగుచేసుకున్న రైతు. సంసోను పోయాక సవరయ్యను ఆదుకున్నది ఆయనే. తన మోటార్లు, తనకు తెలిసినవాళ్ళ మోటార్లు అన్నీ ఈ షెడ్డుకే పంపించేవాడు. పంట ఇంటికి రాగానే ఇన్నమ్మకు రెండు బస్తాల వడ్లు దింపించేవాడు. ఇప్పుడు ఆయనకు డీజిలుతో నడిచే మోటారు సైకిలు కావాలి. అటువంటిది ఎక్కడా దొరకదు, కట్టించుకోవాలి. ఎడ్లబండి మీద తన పాత ఆయిలింజను కూడా వేసుకొచ్చాడు.

"ఇంట్లో ఇంజను ఉండగా ఇంకోటి కొనడం దేనికయ్యా? దీన్నే పెట్టు."

"బాబుగారూ, దీని చక్రమే ఒక మనిషంత బరువు. ఇది పెడితే బండి మీద మీరు కూసోరు, మీ మీద బండి కూసుంటది."

బసవపున్నయ్య పొట్ట కదిలేలా నవ్వాడు. "అయితే ఏది కావాలో నువ్వే చెప్పు, ఇంజనీరువి."

"గాలికి చల్లబడే చిన్న డీజిలు ఇంజన్లు వచ్చినయి. మందు కొట్టే మిషన్లకు పెడతరు. మోయొచ్చు. నీళ్ళ తొట్టి అక్కర్లే. కానీ దడదడలాడిస్తది. ఆ దడకు ఆగే ఫ్రేము కావాలె. బుల్లెట్టుదే."

"బుల్లెట్టు వద్దులే. జావాది చూడు."

"జావా ఫ్రేముల ఇంజను చుట్టూ గొట్టాలే. ఈ ఇంజను అందుల కూసోదు, గొట్టాలు కోసెయ్యాలె. కోస్తే ఇంకేం మిగుల్తది? బుల్లెట్టుకు అడుగున గొట్టమే ఉండదు. ముందు గొట్టానికి, వెనక గొట్టానికి నడుమ ఇంజనే వంతెన. రెండు ఇనుప పలకలు కోసి బిగిస్తే ఏ ఇంజనైనా కూసుంటది."

"బుల్లెట్టు నాకు అచ్చిరాదయ్యా." ఈసారి నవ్వు లేదు.

"మీరెప్పుడు నడిపిన్రు, అచ్చిరాకపోనీకి?"

బసవపున్నయ్య కండువాతో మెడ తుడుచుకున్నాడు. ఎంతకీ సవరయ్య జావాకు ఒప్పుకోకపోయేసరికి, "సరే, నీ పని నీకు తెలుసు. ఖమ్మంలో మాత్రం కొనకు. బెజవాడ వెళ్ళు. అక్కడ సరుకు బాగుంటుంది," అని లేచాడు.

కోస్తావాళ్ళకు ఉప్పు దగ్గర్నుంచి సమస్తం బెజవాడలోనే బాగుంటుంది. సవరయ్య ఆ మాటను అట్లాగే తీసుకున్నాడు. బెజవాడ దాకా ఎవరు పోతారని ఖమ్మంలోనే, పాత సామాన్ల మంగీలాల్ దుకాణంలో మూడు ఫ్రేములు కొట్టి చూశాడు. పానాతో తడితే మొదటి రెండూ పగిలిన కుండలా మోగాయి. మూడోదాని ముందు గొట్టం రాయిలా గట్టిగా ఉంది.

"ఇది ఎవడో పనోడు పట్టిన గొట్టం," అని మెచ్చుకుని మరీ తెచ్చుకున్నాడు.

ఆ మాట గుర్తుకు వచ్చి, బస్సు కిటికీ ఊచను గట్టిగా పట్టుకున్నాడు.

మంగీలాల్ తుక్కు మధ్య స్టూలు వేసుకుని బీడీ కాలుస్తున్నాడు. "ఏం సవరన్నా, ఫ్రేము వాపసు తెచ్చినవా? నా దుకాణంల పోయినోళ్ళే గాని వచ్చినోళ్ళు లేరు."

"ఆ ఫ్రేము నీకు ఎవరిచ్చిన్రు?"

"దొంగ మాల్ కాదు. రంగు నేనే ఏసిన, గంతే. తుప్పు పట్టి ఎర్రగుండె."

"దొంగదన్నానా? ఎవరిచ్చిన్రు, చెప్పు."

అతని ముఖం చూసి మంగీలాల్ బీడీ పడేశాడు. "మీ ఊరి పక్క తండా బద్యా. నెల కింద బండి మీద తెచ్చిండు. ఇంజను గడ్డకట్టి పోయింది, ముక్కలు చేసి తూకానికి ఏసిన. ఫ్రేము నిలబడ్డదని ఉంచిన. బద్యా బాయిలు తీస్తడు, నీకు తెల్వదా?"

సవరయ్యకు తెలుసు. ఎండాకాలం వస్తే ఆ చుట్టుపక్కల బావుల్లో పూడిక తీసేది బద్యా, అతని నలుగురు మనుషులే. ఆ పనికి ఒక కట్టుబాటు ఉంది. బావిలో దిగే ముందు కొబ్బరికాయ కొట్టి యజమానితో ఒక మాట చెప్పించుకుంటారు: పూడికలో ఏది దొరికినా దిగినవాడిదే. బిందె దొరికినా, బంగారం దొరికినా, ఒడ్డున ఉన్నవాడు అడగకూడదు. అడిగితే ఆ బావికి మళ్ళీ నీళ్ళు ఊరవని నమ్మకం.

సాయంత్రం ఎండ ఉండగానే తండాకు చేరాడు. బద్యా మంచం మీద కూర్చుని మోకులు పేనుతున్నాడు.

"అవ్ మేస్త్రీ, నేనే అమ్మిన. కట్టుబాటు ప్రకారం నాదే," అన్నాడు అడగగానే.

"నీదే, నేను కాదంటలే. ఎవరి బాయిల దొరికింది?"

"బసవపున్నయ్య సారుది. అడవి పక్కన పాత బాయి. ఇన్నేండ్లు ఎవ్వరు ముట్టలె. బోరు ఎండిపోయి బర్రెలకు నీళ్ళు లేవని సారు ఇంటామె పద్మావతమ్మ దగ్గరుండి తీయించింది. సారు ఊళ్ళె లేడు, అన్న దినాలకు పోయిండు."

భద్రాచలం వంతెన మీద సంసోనును చూశానని చెప్పిన పెద్దమనిషి బసవపున్నయ్యే.

"బద్యా, అండ్ల ఇంకేమన్నా..." అని ఆగాడు సవరయ్య.

బద్యాకు అర్థమైంది. "మనిషి ఎముకలా? లేవు మేస్త్రీ. నేను ఆఖరి తట్ట దాకా చూసిన. బండి ఒక్కటే. కానీ అది పడ్డది కాదు. హ్యాండిలుకు గోనెసంచి కట్టి ఉండె, సంచి నిండ రాళ్ళు. కావాలని ముంచిన్రు. మనకెందుకులే అనుకున్న."

"గా ముక్క రేపు పొద్దున నా షెడ్డుకొచ్చి చెప్తవా?"

బద్యా చేతిలో మోకు పక్కన పెట్టాడు. "సంసోను బండేనా?"

సవరయ్య తల ఊపాడు.

"వస్త," అన్నాడు బద్యా.

ఇంటికి వచ్చి సవరయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇన్నమ్మ ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. గోడకు ఆనుకుని, లెక్క తప్పిన పిల్లలా మళ్ళీ మళ్ళీ అదే అడిగింది.

"గోదారి దాటిన బండి, దాటిందని చెప్పినాయన బాయిలకే ఎట్ల వచ్చింది బావా?"

"తెల్వదు."

"వడ్లు," అంది ఆమె.

మరునాడు తొమ్మిదింటికి బసవపున్నయ్య పని చూడడానికి వచ్చాడు. రోజూలాగే గుమ్మం దగ్గరే చెప్పులు విడిచాడు. షెడ్డు మధ్యలో దిమ్మల మీద గోనెపట్టా కప్పిన ఫ్రేము ఉంది. పక్కన కొత్త డీజిలు ఇంజను. మూలన బద్యా గొంతుక్కూర్చున్నాడు. ఇన్నమ్మ తలుపు దగ్గర నిలబడింది.

"ఏమయ్యా సవరయ్యా, బెజవాడ సరుకేనా?"

"కాదు బాబుగారూ. ఖమ్మంది."

బసవపున్నయ్య అప్పుడు బద్యాను చూశాడు. అడుగు ముందుకు వేయలేదు.

"ఇంజను పెట్టే ముందు ఒకసారి గొట్టం చూడండి," అని సవరయ్య పట్టా తీశాడు. పేరున్నంత మేర రేకును బూడిదతో తోమి ఉంచాడు.

"ఇదేంటి? ఎవరి పేరిది?"

"మా అమ్మది. మా తపేలా ముక్క. నేనే చుట్టిన, సంసోను బండికి. మీకు కనపడి ఉండదు, పైన లప్పం ఉండె."

బసవపున్నయ్య రేకు మీంచి చూపు తిప్పుకున్నాడు. "పాత ఇనుము, ఎవరెవరి చేతులో మారి ఉంటుంది," అన్నాడు.

"మీ బాయిల దొరికింది సారూ," అన్నాడు బద్యా మూలనుంచి. "రాళ్ళ సంచి కట్టి ఉండె. అమ్మగారు కూడ చూసిన్రు."

"ఎవడో దొంగ వేసి ఉంటాడు."

"వేసి ఉండొచ్చు," అన్నాడు సవరయ్య. "మరి బుల్లెట్టు వద్దని ఎందుకన్నరు? ఖమ్మం పోవద్దని ఎందుకన్నరు? మీకు బెజవాడ సరుకు మీద ప్రేమేమో అనుకున్న బాబుగారూ. నా అంత తెలివితక్కువోడు ఉండడు."

ఇన్నమ్మ రెండడుగులు వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"ఆయన ఉన్నడా లేడా?"

బసవపున్నయ్య తను తెచ్చిన పాత ఆయిలింజను మీదే కూర్చున్నాడు. కండువా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కాసిని మంచినీళ్ళు ఇవ్వమ్మా."

"చెప్పినంక ఇస్త."

ఆయన నేల చూస్తూ మొదలుపెట్టాడు.

"లేడమ్మా. ఆ రోజే పోయాడు. రమ్మన్నది నేనే.

"ఆ ఏడు నడిమధ్యన వాన మొహం చాటేసింది. నాది మొక్కజొన్న. కరెంటు ఉందన్న మాటే గానీ మోటారు తిరిగేంత రాదు. అడవిపందులను ఆపడానికి మాత్రం సరిపోయేది. చేను చుట్టూ వైరు కట్టి, పొద్దుగూకగానే స్తంభం మీద తీగకు కొక్కెం తగిలించేవాణ్ణి. ఇక్కడ అడవి పక్కన సాగు చేసేవాళ్ళం చాలామందిమి అదే చేస్తాం. తెల్లవారగానే దించెయ్యాలి. నేను ఏ రోజూ తప్పలేదు.

"ముందురోజు సంతలో సంసోను కనపడ్డాడు. పొద్దున్నే వచ్చి ఆయిలింజను చూడమన్నాను. రోడ్డు మీంచి చుట్టూ తిరగడం ఎందుకు, అడవి డొంకన వస్తే దగ్గరన్నాను. ఇంటికి వచ్చేసరికి ఆ సంగతే మరిచిపోయాను. తెల్లారాక గేదె ఈనుతోందని పాకలో ఉండిపోయాను. బండి చప్పుడు వినపడింది. గట్టు దగ్గర ఆగింది. గట్టు దాటించడానికి దిగి తోస్తున్నాడు గామోసు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, కొక్కెం దించలేదని.

"పరిగెత్తాను. కొక్కెం లాగి, వెళ్ళి చూస్తే వైరు మీద పడి ఉన్నాడు. ఊపిరి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు కూడా. పాక దగ్గర ఎడ్లున్నాయి, బండి ఉంది. కడితే కొత్తగూడెం ఆసుపత్రికి తీసుకెళ్ళొచ్చు. కట్టలేదు. దొంగ కరెంటు, మనిషి ప్రాణం, పోలీసులు, జైలు, ఇవే కనపడ్డాయి గానీ ఎడ్లు కనపడలేదు. పక్కన కూర్చున్నాను. నీళ్ళు కావాలన్నట్టు పెదాలు కదిపాడు. లేచి తేలేకపోయాను. ఎండ చేలోకి వచ్చేసరికి పోయాడు.

"చేను చివర ఫారెస్టువాళ్ళ హద్దురాయి ఉంది. దాని పక్కనే టేకు చెట్టు కింద పూడ్చాను. మీ పద్ధతి ఏంటో తెలియక తల తూర్పుకు పెట్టాను. బండిని బావిలో ముంచాను. పద్మావతికి తెలియదు. దాన్నేం అడగొద్దు.

"మీరు వెతుకుతూ నా చేను దాకా వచ్చారు. ఆడమనిషి మాట అంటే తప్ప వెతకడం మానరని తెలుసు. అన్నాను. నేను అన్నది ఒక్క మాటే. ఆమె చీర రంగు, ఊరు, పేరు, అవన్నీ ఊళ్ళోవాళ్ళే చెప్పుకున్నారు. నేను కాదనలేదు.

"వడ్లు దయతో పంపానని అనుకోకు. పంపిన రోజు నిద్రపట్టేది, అందుకు పంపాను. మొన్న ఊరినుంచి వచ్చి బావి శుభ్రంగా ఉండడం చూసి గుండె ఆగినంత పనయింది. తుక్కుకు పోయిందని తెలిశాక, కొలిమిలో కరిగిపోతుంది, పీడ వదిలిందనుకున్నాను. ఆ సంతోషంలోనే సవరయ్యకు ఈ పని చెప్పాను.

"ఇంకొకటి కూడా చెప్పేస్తాను, మళ్ళీ నోరు వస్తుందో రాదో. ఆ సాయంత్రం నేను మళ్ళీ వైరు తగిలించాను. అదే చోట. కంకులు పాల మీదున్నాయమ్మా, పందులు ఆగవు కదా."